ఇవ్వని కట్టలు

“ఈ పిల్ల ఏదో ఒక రోజు ఉద్యోగం ఊడగొట్టుకుని ఇంటికొస్తుంది,” అన్నాను పైకే.

అప్పటికి ఏమీ జరగలేదు. మా అమ్మాయి అన్నం డబ్బా మరిచిపోయి బడికి వెళ్లింది, అంతే. నా భయాలకు కారణాలు అక్కర్లేదు. బస్సు ఆలస్యమైతే ఆసుపత్రి గుర్తొస్తుంది. ఫోను మోగితే చావు కబురనుకుంటాను. ఏడో తరగతితో చదువాగిపోయిన నాకు, టీచరైన కూతురే కొండంత అండ.

డబ్బా పట్టుకుని బడికి వెళ్లాను. ఆఫీసు గది నిండా పిల్లల తల్లిదండ్రులు. మధ్యలో ఒక పెద్ద వయసు టీచర్ని నిలబెట్టారు. మా అమ్మాయికి పని నేర్పిన మనిషి. టీచర్లంతా పెద్దక్క అంటారు. కరస్పాండెంటు ఆమె చేతికి రెండు వ్యాసాల కాగితాలిచ్చి, ఎర్రసిరాతో కింద ఆమె రాసింది చదవమన్నాడు. ఆమె చదివింది. రెండింటి కిందా ఒకటే మాట: ముగింపులో తొందరపడ్డావు, మళ్లీ ఆలోచించి రాయి.

“విన్నారుగా,” అన్నాడు కరస్పాండెంటు. “ప్రతి పిల్లకీ విడిగా పది వరుసల సూచనలని గేటు మీద బోర్డు పెట్టాం. ఈవిడ అచ్చు గుద్దినట్టు రాస్తోంది.”

“ఇద్దరూ ముగింపులోనే తొందరపడ్డారండీ,” అంది పెద్దక్క.

కొందరు నవ్వారు. నవ్వకపోతే ఏమనుకుంటారోనని నేనూ నవ్వాను. సాయంత్రానికి ఆమెను తీసేశారు. ఆమె సెక్షన్లు రెండూ మా అమ్మాయి నెత్తిన పడ్డాయి. మొత్తం ఆరు సెక్షన్లు, సెక్షనుకు అరవై మంది. వారానికి మూడు వందల అరవై వ్యాసాలు, ఒక్కొక్క దాని కింద పది వరుసలు. తప్పు దిద్దితే చాలదు. ఎందుకు తప్పో, ఎలా బాగుపడుతుందో రాయాలి. సూపర్‌వైజరు వరుసలు లెక్కపెట్టాకే కాగితాలు పిల్లలకు అందుతాయి.

మా అమ్మాయి బస్సులో దిద్దేది. తల దువ్వుకుంటూ దిద్దేది. మణికట్టుకు గుడ్డ చుట్టుకుని దిద్దేది. ఒకసారి తొంగి చూశాను. “కిటికీ గురించి రాసిన మూడు వాక్యాలూ బాగున్నాయి. అందులోంచి నీకేం కనిపిస్తుందో కూడా చెప్పు,” అని రాసి ఉంది ఎవరో పిల్లకి. నా చిన్నప్పుడు నన్నెవరూ అలా అడగలేదు.

ఆదివారం టీచర్లు మా ముందుగదిలో చేరారు, ఇరవై రెండు మంది. కుర్చీలు చాలక బియ్యం డబ్బా మీద కూడా కూర్చున్నారు.

“నాకు వ్యాసాల గోల లేదు,” అన్నాడు లెక్కల మాస్టారు. “కానీ రేపు లెక్కలకూ పది వరుసలంటాడు. రెండూ రెండూ నాలుగని గుర్తించినందుకు నీ ఆలోచనా విధానం మెచ్చుకోదగ్గది, అని రాయాలి నేను.”

“నవ్వులాట కాదు మాస్టారూ,” అంది ఒక చిన్న టీచరు. “నాకిద్దరు పిల్లలు. పెద్దక్క కోసం నేనెందుకు మునగాలి?”

“ఆవిడ సెక్షన్లు నాకొచ్చాయి,” అంది మా అమ్మాయి. “నన్ను తీసేస్తే నావి నీకొస్తాయి. అప్పుడు తేలతావా?”

ఆ చిన్న టీచరు సంతకానికి కలం అడిగి తీసుకుంది.

తీర్మానం ఇదీ: పెద్దక్కను వెనక్కి తీసుకోవాలి, మనిషికి మూడు సెక్షన్లే ఇవ్వాలి, అంతవరకూ ఏ సబ్జెక్టుదైనా దిద్దిన కాగితాల కట్ట ఒక్కటి కూడా ఆఫీసుకు వెళ్లదు. మొదటి సంతకం మా అమ్మాయిది. సంతకం పెట్టి, వెళ్లి మళ్లీ దిద్దుతూ కూర్చుంది.

“ఇవ్వనిదానికి దిద్దడమెందుకే?” అన్నాను.

“పిల్లలతో మనకేం గొడవమ్మా? గొడవ ఆఫీసుతో.”

ఆరు కట్టలూ మంచం కిందికి తోసింది.

సోమవారం ఆమె వెళ్లిన గంటకు ఫోను మోగింది. సూపర్‌వైజరు. ఒకప్పుడు టీచరే, మా ఇంట్లో తిన్న మనిషే.

“అమ్మా, మీ మంచి కోరి చెప్తున్నా. పదిహేను మంది ఇచ్చేశారు. మీ అమ్మాయే మొండికేసింది. తీసేస్తూ కాగితం టైపవుతోంది. కట్టలు వెనక గేటుకు తెచ్చారంటే నా బీరువాలో పెడతా. మూడో కంటికి తెలీదు.”

ఇంకెవరినైనా అడగవచ్చు కదా అని మీరనుకుంటారు. నేనప్పటికే మంచం కిందికి వంగి కట్టలు లాగుతున్నాను. రెండు సంచుల్లో సర్దుకుని బస్సెక్కాను. దారంతా నేను బిడ్డను కాపాడుతున్నాననుకున్నాను.

మధ్యాహ్నం మా అమ్మాయి క్లాసులో ఉండగా కరస్పాండెంటు ఆ కట్టలు స్టాఫ్‌రూం బల్ల మీద పరిచి, “మీ నాయకురాలే ఇచ్చేసింది, మీరు దేనికి బిగుసుకున్నారు?” అన్నాడట. సాయంత్రానికి తొమ్మిది మంది ఇచ్చేశారు.

మా అమ్మాయి ఇంటికొచ్చి వంగి మంచం కింద చూసింది.

“నీ ఉద్యోగం కోసమే,” అన్నాను.

“నా పేరుతో అందర్నీ ఆఫీసుకు అప్పజెప్పావమ్మా,” అంది. ఆ తర్వాత నాతో మాట మానేసింది.

బుధవారం లెక్కల మాస్టారు వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, “నువ్వేనా తల్లీ? ఇలా ఎందుకు చేశావు?” అన్నాడు. నేను తలుపు వెనకే ఉన్నాను. ఆమె ఒక్క మాటతో తప్పించుకోవచ్చు. “తప్పయింది మాస్టారూ,” అంది. నా పేరెత్తలేదు. ఆయన చెప్పులు టపటపలాడించుకుంటూ వెళ్లిపోయాడు.

గురువారం పొద్దున బడి గేటు ముందు నిలబడ్డాను. పిల్లలు, పిల్లల్ని దింపే అమ్మానాన్నలు, టీచర్లు. మా అమ్మాయి పక్కన ఎవరూ నడవడం లేదు.

“ఆ కట్టలు నా కూతురివ్వలేదు,” అన్నాను. పిల్లల గోలలో ఎవరికీ వినపడలేదు. మళ్లీ అన్నాను. “నేను దొంగతనంగా తెచ్చిచ్చాను. పదిహేను మంది ఇచ్చేశారని ఫోను చేస్తే నమ్మాను.”

“పదిహేనా?” అంది ఇద్దరు పిల్లల చిన్న టీచరు. “అదే రోజు మా ఆయనకూ అదే చెప్పారు.”

“మా నాన్నకూ,” అన్నారు ఇంకెవరో.

“పదిహేను మంది ఇచ్చేశారని ఎన్నిళ్లలో చెప్పారో,” అన్నాడు లెక్కల మాస్టారు. “ఈ లెక్క నాకూ తేలదు.”

నవ్వు కాదు అది, కానీ ఏదో కదిలింది. కరస్పాండెంటు బయటికొచ్చాడు. “ఈవిడకి ఒంట్లో బాగాలేనట్టుంది. లోపలికి పదండి అందరూ.”

ఎవరూ కదల్లేదు. కాగితాల మీద కిటికీల గురించి రాసిన పిల్లలూ కదల్లేదు. అతని వెనక సూపర్‌వైజరు తల దించుకుని ఉంది. నేను ఆమెనే అడిగాను.

“నువ్వు నాకు ఫోను చేసేటప్పటికి ఎన్ని కట్టలొచ్చాయి తల్లీ?”

గంట కొట్టారు. రెండోసారీ కొట్టారు. మా అమ్మాయి కాక ఇరవై ఒక్క మంది టీచర్లు గేటు బయటే ఉన్నారు. మా అమ్మాయి వచ్చి నా పక్కన నిలబడింది, నా వైపు చూడకుండా. కరస్పాండెంటు వాచీ చూసుకున్నాడు. “చెప్పవలసిన అవసరం లేదు,” అన్నాడు సూపర్‌వైజరుతో.

ఆమె తలెత్తింది.

“ఒక్కటీ రాలేదమ్మా. మీవే మొదటివి,” అంది. “పదండి, ఎవరి కట్టలు వాళ్లకిచ్చేస్తాను.”