చక్కెర రాలేదాకా

మూడోసారి పరీక్షించినా ఆ చక్కెర అక్కడే ఉంది. తెర మీద దాని గీత నిటారుగా నిలబడి ఉంది.

ఆ మందుల కంపెనీలో ఆమె కాంట్రాక్టు ఉద్యోగి. సూదిమందులోని ప్రోటీన్లకు ఏయే చక్కెరలు అంటుకుని ఉన్నాయో మాస్ స్పెక్ట్రోమీటర్‌లో తూచి చెప్పడం ఆమె పని. ఆ గదిలో ఏసీ పెట్టించింది ఆ తూకం యంత్రం కోసమే. దాని పుణ్యమా అని మనుషులూ చల్లగా ఉంటారు. యంత్రం ఆగితే ఇంజనీరు పరుగెత్తుకొస్తాడు. మనిషి ఆగితే గేటు బయట ఇంకో మనిషి సిద్ధంగా ఉంటాడు.

ఈ బ్యాచ్‌లో కనబడింది మనుషుల ఒంట్లో ఉండని చక్కెర. పడనివాళ్ళకు ఒళ్ళంతా దద్దుర్లు లేస్తాయి, ఒక్కోసారి ఊపిరాడదు.

మేనేజరు వచ్చి వెనక నిలబడ్డాడు. పాపం, ఆయనా భయస్థుడే.

“దెబ్బ ఇంకాస్త గట్టిగా వెయ్యమ్మా,” అన్నాడు మెల్లిగా.

ఆమెకు అర్థమైంది. యంత్రం లోపల ప్రోటీన్ ముక్కను సుతారంగా కొడితే చక్కెరతో సహా బరువు తెలుస్తుంది. గట్టిగా కొడితే తూచకముందే చక్కెర రాలిపోతుంది, రిపోర్టు కడిగిన ముత్యంలా వస్తుంది.

“మందులో ఉన్నది ఎక్కడికీ పోదు కదా సార్. మనకి కనపడదు, అంతే.”

“నాకు తెలీదనుకున్నావా? సాయంత్రానికి సరుకు లారీ ఎక్కాలి. పైవాళ్ళు నా పీక మీద కూర్చున్నారు. నీ కాంట్రాక్టూ ఇవాళ్టితో సరి. పొడిగింపు కాగితం నా టేబుల్ మీదే ఉంది. నాచేత పాడుమాట అనిపించకు తల్లీ.”

అంతలో భర్త ఫోన్ చేశాడు. వర్క్‌షాపు మూతపడ్డాక అతను ఇంట్లోనే ఉంటున్నాడు. “సంతకం అయిందా? అయిందని ఒక్క మాట చెప్పు.”

“ఇంకా లేదండీ.”

“ఎవరితోనూ పేచీ పెట్టుకోకు. నీ కాళ్ళు పట్టుకుంటా.”

ఆమె ఫోన్ పెట్టేసింది. ముక్కూ మొహం తెలియని వాళ్ళ కోసం సొంతవాళ్ళ నోట్లో మట్టి కొట్టడమా? దెబ్బ జోరు చూపే అంకె పెంచింది. మీట నొక్కాలి, అంతే. ఎక్కడో ఎవరో ఈ మందును నమ్మి, చొక్కా చెయ్యి పైకి మడుచుకుని కూర్చుంటారు. ఆమె వేలు కదల్లేదు. పెంచిన అంకె చెరిపేసింది.

“నావల్ల కాదు సార్.”

“అయితే లే. నేనే కూర్చుంటా.”

ఆమె కుర్చీ చేతులు రెండూ గట్టిగా పట్టుకుంది.

“లే తల్లీ,” అని బతిమాలాడు మేనేజరు.

ఆమె లేవలేదు.