పిచ్చుక చేతిలో కార్డు

"కార్డు పెట్టగానే మిషను అడుగుతుందమ్మా, అక్కడి డబ్బులో తీసుకోనా, మీ డబ్బులో తీసుకోనా అని. అక్కడి డబ్బే అని నొక్కమనండి. మనది అని నొక్కితే మధ్యలో కమిషన్ ఊడ్చుకుపోతారు."

బడివాళ్లతో విదేశయాత్రకు వెళ్తున్న కుర్రాడి తల్లి బుద్ధిగా తలూపింది. అద్దం కింది సందులోంచి డబ్బు నింపిన కార్డు అందించి, పెద్దమ్మ మెడ నిమురుకుంది. ఆ సందులోకి వంగి వంగి ఆమె మెడ ఓ పక్కకు ఒరిగిపోయింది. నోట్లు రాసుకుని వేళ్ల కొసలు నున్నబడ్డాయి. కరెన్సీ మార్చే ఆ కొట్టులో మేనేజరుతో సహా అందరూ ఆమెను పెద్దమ్మ అనే పిలుస్తారు. చెల్లెలు పోయాక ఆమె కూతురు పిచ్చుక, బడి వదలగానే అక్కడికే వచ్చి, వెనకగదిలో "పెద్దమ్మా, పెద్దమ్మా" అంటూ పెరగడంతో ఆ పిలుపే స్థిరపడింది.

ఆ పిచ్చుక ఈరోజు వెళ్లిపోతోంది. ఇన్నేళ్లూ పలకరించని తండ్రి, మళ్లీ పెళ్లి చేసుకున్నాక, విదేశం నుంచి కాగితాలు పంపించాడు. పదమూడేళ్ల పిల్ల మీద హక్కు తండ్రిదేనని వకీలు తేల్చేశాడు.

పన్నెండింటికి పిచ్చుక పెట్టె ఈడ్చుకుంటూ వచ్చింది. పండగలకీ పుట్టినరోజులకీ దాచుకున్న నోట్ల చుట్ట పెద్దమ్మ ముందు పెట్టింది.

"ఇవి నా దగ్గరే ఉంచుకోనా?"

"చేతిలో నోట్లుంటే ఎవరైనా లాక్కుంటారే తల్లీ. కార్డైతే పోయినా డబ్బు పోదు."

తను పొదుపు చేసినదీ, ఆ చుట్టా కలిపి కార్డులో వేయబోయింది. కంప్యూటరు సంరక్షకుడి ఫోన్ నంబరు అడిగింది. పెద్దమ్మ తన నంబరు కొట్టింది. ఒప్పుకోలేదు. మళ్లీ కొట్టింది.

"కాగితాల్లో తండ్రి పేరుంది కదా పెద్దమ్మా. పిల్లల కార్డు ఆయన ఫోనుకే ముడిపడాలి. ఖర్చు చూసేదీ, కావాలంటే ఆపేదీ ఆయనే. నేనేం చెయ్యలేను," అన్నాడు మేనేజరు, ఆమె ముఖం చూడలేక.

ఊళ్లోవాళ్ల పిల్లలందరికీ చేసిపెట్టిన పని, తన పిల్లకి చేసుకోలేకపోయింది. వెనకగదిలోకి వెళ్లి పిచ్చుక తండ్రికి ఫోను చేసింది.

"దానికి కార్డెందుకు వదినా? నేను లేనా? ఏం కావాలన్నా నన్నడుగుతుంది."

"అడగడానికి మొహమాటపడుతుంది మరిదిగారూ. ఆకలేసినా నోరు విప్పని పిల్ల అది. దాని ఖర్చులన్నీ మీరే చూసుకోండి, నాకేం తెలియనక్కర్లేదు. మీ కాళ్లు పట్టుకుంటాను, దాని చేతిలో ఏదో ఒకటి ఉండనివ్వండి."

"సరే, ఓటీపీ రాసుకోండి," అన్నాడు విసుగ్గా.

పిచ్చుక టాక్సీ ఎక్కేముందు పెద్దమ్మ ఊపిరి తిప్పుకోకుండా చెప్పింది. "ఏటీఎంలో తియ్యకు, చార్జీ బాదేస్తారు. కొట్టులో గీకు. పిన్ను ఎవరికీ చెప్పకు, నాన్నకైనా సరే."

"నాకక్కడ నచ్చకపోతే?"

"కార్డుందిగా," అంది పెద్దమ్మ. పిచ్చుక ఆమె మెడ పట్టుకుని వదల్లేదు. పిల్లను విమానం ఎక్కించడానికి వచ్చిన ప్రయాణాల కంపెనీ అమ్మాయే మెల్లగా ఆ చేతులు విడదీసింది.

మధ్యాహ్నమంతా పెద్దమ్మ నోట్లు మార్చింది. ఎవరేం అడిగారో, తనేం జవాబిచ్చిందో ఆమెకు గుర్తు లేదు. సాయంత్రం కొట్టు కట్టేముందు, చూడకూడదని తెలిసీ, పిచ్చుక కార్డు నంబరు కొట్టి చూసింది.

తెర మీద వచ్చింది: సంరక్షకుని కోరిక మేరకు కార్డు నిలిపివేయబడినది.

మొదట అర్థం కాలేదు. మళ్లీ చదివింది. పిల్ల ఇంకా ఆకాశంలోనే ఉంది. దిగి, దాహమేసి, ఏ కొట్టు ముందో ఆ కార్డు చాపుతుంది. చేతిలో ఒక్క నోటూ లేదు. ఉన్నవి తనే తీసేసుకుంది. పెద్దమ్మ పిల్ల తండ్రికి ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది. ఈసారి మోగనేలేదు.

"షట్టరు దించమంటారా?" అన్నాడు మేనేజరు.

ఆమె ఫోను చెవి దగ్గరే పెట్టుకుని తలూపింది.

ఇంటికొచ్చి తలుపు తీసింది. దీపం వేసుకోవాలనిపించలేదు. వీధిదీపం వెలుతురు గుమ్మం పక్కన పడుతోంది. ముడి విప్పే ఓపిక లేక, పిచ్చుక ఎప్పటిలాగే మడమ దగ్గర తొక్కి విడిచేసిన బడి బూట్లు, ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి, లేసులు బిగించినవి బిగించినట్టే.