తాడు మీద చొక్కా

మా బట్టలారేసే తాడు వెనక వరండాలో ఉంది. ఇది అది కాదు. ముందుగదిలో, కిటికీకి ఎదురుగా, నా మనవరాలు చదువు కోసం కట్టుకున్న కొత్త తాడు. ఖురాన్‌లోని యూసుఫ్ ప్రవక్త కథను ఘట్టానికో కాగితంగా రాసి, దానికి క్లిప్పులతో తగిలించింది.

"పుస్తకం ఉండగా ఈ తోరణాలెందుకే తల్లీ?" అన్నాను.

"పుస్తకంలో కథంతా ఒక్క చూపుకి ఆనదు అమ్మమ్మా. ఒక మాట ఎక్కడెక్కడ మళ్లీ వచ్చిందో, ప్రతిచోటా దాని పక్కనేముందో చూసి అర్థం వెతుకుతాం. ఇదిగో, చొక్కా. అన్నలు దొంగనెత్తురు పూసి తెచ్చిన చొక్కా అబద్ధం చెప్పింది. వెనక చిరిగిన చొక్కా యూసుఫ్ తప్పేమీ లేదని నిజం చెప్పింది. ఆఖరి చొక్కా గుడ్డితండ్రికి చూపు తెచ్చింది. మూడూ కలిపి చదవాలి."

ఈ పద్ధతి నేర్పినందుకే కాలేజీ పంతులుగారి ఇంటి అద్దాలు రాళ్లతో పగలగొట్టారు. ఆయన ఊరొదిలి వెళ్లి ఎన్నాళ్లో కాలేదు. రేపు కాలేజీలో ఆయన బదులు నా మనవరాలే మాట్లాడాలి.

సాయంత్రం వానలో తడిసొచ్చాడు మా అబ్బాయి, దర్జీ. వస్తూనే చొక్కా విప్పి ఆ తాడు చివర పడేశాడు.

"ఒరేయ్, అది ఆ తాడు కాదురా!"

ఎదురింటి మేడ కిటికీలో ఏదో తళుక్కుమంది. మెరుపనుకున్నాను. కాసేపటికి మా ముందుగది ఫొటో మనవరాలి ఫోన్‌లోకి వచ్చింది. దేవుడి మాటల పక్కన నీళ్లోడుతున్న చొక్కా. కింద ఒకటే ముక్క: "ఈ ఇల్లు గుర్తుపెట్టుకోండి."

వీధిలో షట్టర్లు ఒక్కొక్కటే దిగాయి. కింద మా మేడమెట్ల ముందు జనం చేరారు. ఒక్కరూ అరవలేదు. అరిచినా బాగుండేది. అందరికంటే ముందు, నా మనవరాలికి అక్షరాలు దిద్దించిన మసీదు గురువుగారు.

"నేనేం చేశానే! చొక్కా ఆరేసుకోవడం కూడా నేరమేనా?" అన్నాడు మా అబ్బాయి.

"అక్కడే ఉండనీ మామయ్యా. గురువుగారొచ్చాక అది నీదేనని, పొరపాటున వేశానని నువ్వే చెప్పు. తీస్తే దాచినట్టవుతుంది."

మెట్ల మీద అడుగుల చప్పుడు. వాడికి ఒళ్లు తెలియలేదు. ఒక్క ఉదుటున చొక్కా లాగాడు. దాంతోపాటు తాడూ తెగింది. కాగితాలన్నీ గచ్చు మీద చెల్లాచెదురయ్యాయి. నేనూ మనవరాలూ మోకాళ్ల మీద పడి, తొక్కకుండా ఏరుతున్నాం.

తలుపు తోసుకుని గురువుగారు లోపలికొచ్చారు. కింద కాగితాలు చూశారు. వాడి చేతిలో చొక్కా చూశారు.

"గురువుగారూ, ముందు నేను చెప్పేది వినండి," అంది మనవరాలు.

ఆయన వినకుండానే వెనక్కి తిరిగి, మెట్ల మీదున్న వాళ్లని పైకి రమ్మన్నారు.