పెద్దరసం చెట్టు కింద మార్టిన్

లేయా పదకొండింటికి క్యారేజీ విప్పుతుంది. ముసునూరు దగ్గర సత్యనారాయణమూర్తి గారి మామిడితోటలో కాయలు ఏరే ఆడవాళ్లంతా పంపుషెడ్డు దగ్గర చేరి తింటారు. లేయా మాత్రం మూడో వరసలోని పెద్దరసం చెట్టు కిందికి వెళ్లి మొగుడి నీడ పక్కన కూర్చుంటుంది. పచ్చడిలో ఉప్పు ఎక్కువైందనో, చర్చిలో ఫలానావాళ్ల పిల్లకి సంబంధం కుదిరిందనో దానికి చెబుతుంది.

రెండేళ్ల కిందట మార్టిన్ ఆ చెట్టు మీద నుంచే పడ్డాడు. మనిషిని ఎత్తి ఆటోలో వేశారు గానీ నీడ అక్కడే ఉండిపోయింది. చెట్టు నీడలో ఇంకాస్త నల్లగా, వెల్లకిలా, చేతులు బారజాపుకుని ఉంటుంది. నెమ్మదిగా ఊపిరి తీస్తుంటుంది. కొత్త కూలీలు రాగానే ముఠా మేస్త్రి శ్రీరాములు, "అటు గంపలు దించకండ్రా, మార్టిన్ ఉన్నాడు" అంటాడు. వాళ్లు సరేనని పక్కకి దించుతారు.

ఇంట్లో ఉన్న మార్టిన్ సంగతి వేరు. వెన్నునొప్పికి ఆర్‌ఎంపీ ఇచ్చిన బిళ్లలు మొదట రోజుకి రెండు వేసుకునేవాడు. ఇప్పుడు అట్ట మొత్తం కావాలి. అవి లేకపోతే ఆవలింతలు, ముక్కు కారడం, కాళ్లు పీక్కుపోవడం. కిందటేడు ఎక్కువ మింగి పడిపోతే ఆసుపత్రిలో ఇంజెక్షనిచ్చి లేపారు. ఈ అలవాటుకి విజయవాడలో వైద్యం చేయించుకోమని చీటీ రాసిచ్చి సాయంత్రానికి పంపేశారు. మర్నాడు బిళ్ల లేకుండా బస్సెక్కిన మార్టిన్ మైలవరం దాకా ఓర్చుకున్నాడు పాపం. అక్కడ దిగి మందుల షాపు వెతుక్కున్నాడు.

ఆ తర్వాత లేయా అతనితో మాట్లాడటం తగ్గించింది. అన్నం పెట్టేది, దుప్పటి కప్పేది, అంతే. కబుర్లన్నీ దాచి తోటకి మోసుకెళ్లేది. ఆమెని తప్పు పట్టడానికి మనకి నోరు రాదు. తోటలో ఉన్న మార్టిన్‌కి నడుము తిన్నగా ఉంది. అతన్నే కదా ఆమె పెళ్లి చేసుకున్నది.

ఆ మంగళవారం ముద్ద కలుపుతూ చూసింది. నీడ ఊపిరి తీయడం లేదు. అంచులు పలచబడి కింది ఎండుటాకులు కనిపిస్తున్నాయి. లేయా కేకకి శ్రీరాములు వచ్చి, వంగి చూశాడు.

"ఇక్కడ కాదు లేయమ్మా, ఇంటి దగ్గర చూడాలి. బండెక్కు."

మార్టిన్ మంచం పక్కన నేల మీద ఉన్నాడు. పెదాలు నల్లబడ్డాయి, గొంతులో గురక ఆగి ఆగి వస్తోంది. ఆసుపత్రి అత్యవసర విభాగంలో ఇంజెక్షనిచ్చాక కళ్లు తెరిచాడు. కాసేపటికే ఒళ్లంతా జలదరింపు, వణుకు మొదలై, ఇంటికి పోతానని పేచీ పెట్టాడు.

డ్యూటీలో ఉన్న డాక్టరు వైష్ణవి చిన్నమ్మాయి. లేయా ఆమెని పక్కకి పిలిచింది.

"చీటీ మాత్రం రాయకండమ్మా. మళ్లీ మైలవరంలో దిగిపోతాడు."

"చీటీ లేదండీ. వైద్యం ఇక్కడే, ఇప్పుడే మొదలుపెడతాం. పాత మందు దిగి వణుకు వచ్చిందిగా, మొదలుపెట్టడానికి ఇదే సమయం. ఆ అలవాటు మాన్పించే బిళ్ల ఇది, నాలుక కింద పెట్టుకోవాలి, మింగకూడదు. గంటాగి చూసి ఇంకోటి ఇస్తాం. ఈ రాత్రికి ఇక్కడే ఉంచుతాం, రేపు ఇంటికెళ్లాక రోజూ ఇక్కడికే వస్తే చాలు."

మార్టిన్ విన్నాడు. "ఇది వేసుకుంటే మళ్లీ చెట్టెక్కుతానా?"

"ఎక్కలేరండీ. నొప్పి కూడా కొంత ఉంటుంది. కానీ బతుకుతారు."

మార్టిన్ గోడవైపు తిరిగాడు. "అయితే నాకొద్దు. లేయా, నువ్వెళ్లి ఆ చెట్టు కింద వాడి దగ్గరే కూర్చో. నీకు కావాల్సింది వాడేగా."

అతనికి అన్నీ తెలుసన్నమాట. లేయాకి సిగ్గుతో మొహం కాలిపోయింది. అప్పుడే, తోటకి తిరిగి వెళ్లిన శ్రీరాములు ఫోన్ చేశాడు.

"అమ్మా, ఇక్కడ నీడ సగం పోయింది. ఇప్పుడొస్తే కడసారి చూసుకుంటావు. బండి పంపనా?"

లేయా లేచి నిలబడింది. నిజం చెప్పాలంటే గుమ్మం దాకా వెళ్లింది కూడా. వెనక్కి తిరిగి చూస్తే మార్టిన్ కారుతున్న ముక్కుని భుజానికి తుడుచుకుంటున్నాడు. ఆమెని ఆపలేదు.

"వద్దులే అన్నా" అంది ఫోన్‌లో. "నాకిక్కడ పనుంది."

మంచం మీద కూర్చుని అతని వెన్ను మీద చెయ్యి వేసింది. పడ్డ తర్వాత అక్కడ చెయ్యి వేయడం ఇదే మొదలు. ఎముక వంకర అరచేతికి తగిలింది.

"నోరు తెరువయ్యా."

అతను తెరిచాడు. బిళ్ల కరిగేదాకా ఆమె వెన్ను మీద చెయ్యి తీయలేదు.

సాయంత్రానికి వణుకు తగ్గింది. చెట్టు కింద ఇక ఏమీ లేదని శ్రీరాములు కబురు చెప్పాడు. కూలీలు కాసేపు పని ఆపి నిలబడ్డారట.

పొద్దున మార్టిన్ మొహం కడుక్కోవడానికి మెల్లగా ఆసుపత్రి వరండాలోకి నడిచాడు. ఎండ పడగానే, రెండేళ్ల తర్వాత మళ్లీ అతని కాళ్ల దగ్గర నుంచి ఒక నీడ సాగింది. లేతగా, నడుము దగ్గర వంగి ఉంది. లేయా దాన్ని చూసి మెట్టు మీద కూలబడి భోరున ఏడ్చింది.

"ఏంటే, నేను బాగానే ఉన్నాగా?"

"నా మొగుడు పోయాడయ్యా. కొమ్మ చివరిదాకా పాకి కాయ కోసేవాడు. మంచోడు."

మార్టిన్‌కి కోపం రాలేదు. గోడ పట్టుకుని, కష్టపడి ఆమె పక్కన కూర్చున్నాడు.

"అవునే, మంచోడు" అన్నాడు. అతనూ ఏడ్చాడు. పోయినవాడి కోసం ఇద్దరూ కలిసి ఏడవడం అదే మొదటిసారి.

లోపల్నుంచి నర్సు జెరూషా మందు టైమైందని పిలిచింది. లేయా కళ్లు తుడుచుకుని అతని చంక కింద చెయ్యి వేసి లేపింది.