ఒజ్జ చేయి

మా తొర్రూరు బడిలో ముప్పై ఆరేళ్లు తెలుగు చెప్పిన గులాం మొహిద్దీన్ సారే నా వేలు పట్టుకుని పళ్లెంలోని బియ్యంలో మొదటి ‘అ’ రాయించారు. నా కొడుక్కీ ఆయనే. అందుకని మనుమరాలు శ్రీజకు నాలుగో ఏడు రాగానే కొట్టు మూసేసి, బియ్యం పళ్లెంతో నేరుగా ఆయనింటికే వెళ్లాను.

సారు కుడిచేతిని దుప్పటి కిందే దాచుకున్నారు. పోయిన ఏడు పక్షవాతం వచ్చినప్పటి నుంచీ అది వణుకుతూనే ఉంది.

“ఇంకో సారును చూస్కో వెంకట్రాజం. నా చేతిల గీత నిలుస్తలేదు. పిల్లకు వంకర రాత అంటుకుంటది,” అన్నారు.

‘ఇక నేను సారునే కాను’ అని ఆయన అంటున్నట్టు వినబడింది నాకు. ఒళ్లు మండింది. పెద్దాయన ముందైనా నోరు మూసుకుని కూర్చునే రకం కాదు నేను.

“తొమ్మిదో తరగతిల నన్ను బెంచీ ఎక్కించిన్రు, యాదికున్నదా సార్?”

“ఎందుకు లేదు? ఒజ్జ అంటే గురువుకు పాత మాట అన్నవ్. గది ఏడికెళ్లి వచ్చిందంటే చెప్పకపోతివి.”

“ఇప్పుడు చెప్త. ఉపాధ్యాయ ప్రాకృతంల ఉవజ్ఝాయ అయింది. జనం నోట్ల అరిగి అరిగి ఒజ్జ అయింది. ఎవరి దగ్గరికి పోయి చదువుకుంటమో ఆయన, గంతే. మీరు చెప్పిందే. మేం దగ్గరికొచ్చినం. అందుల చెయ్యి ముచ్చట ఏడున్నది?”

“నలభై ఏండ్లకు అప్పజెప్పినవ్ పో,” అన్నారు సారు. అయినా చేయి బయటికి రాలేదు.

ఆయన భార్య ఖుర్షీద్ బేగం వచ్చి దుప్పటి తీసేసింది. “పిల్ల ఎదురు చూస్తున్నది. జర రాయించుండ్రి.”

సారు శ్రీజ వేలు పట్టుకున్నారు. బియ్యంలో గీత అటూ ఇటూ పోయింది. ఆయన చేయి వెనక్కి లాక్కోబోయారు. శ్రీజ వదల్లేదు. రెండో చేత్తో ఆ చేతిని అదిమి పట్టుకుంది. అలా ఇద్దరూ కలిసి ‘అ’ పూర్తి చేశారు. సారు కళ్లనిండా నీళ్లు.

పదిరోజుల తర్వాత బడిలో టీచరమ్మ శ్రీజ పలక నాకు చూపించింది. ‘అ’ గీత అంతా వణుకే.

“సక్కగ రాయమంటే వింటలేదు. మా సారు గిట్లనే రాస్తరు అంటున్నది,” అంది.

పలక పట్టుకెళ్లి సారు చేతిలో పెట్టాను. ఆయన ఆ గీత వెంట వేలు పోనిచ్చారు.

“రేపు తోల్కరా,” అన్నారు. “ ‘ఆ’ రాయిస్త.”