అల వచ్చేదాకా

సరుకు రాలేదని రొయ్యల కంపెనీ ఆ రోజు మధ్యాహ్నానికే ఆడవాళ్లందరినీ పంపేసింది. తిరుగు బస్సులో వెనక సీట్లోంచి లోవమ్మ నాగదుర్గ భుజం తట్టింది.

"ఏమే, మీ పిల్లకి ఏడాదిన్నర దాటినా ఇంకా నోరు విప్పలేదంట? ఇంటిల్లిపాదీ మూగనోము పట్టారా ఏంటి?"

"ఫోన్లో నేర్పుతున్నాను పిన్నీ."

"మా చింటూగాడు ఈ వయసుకే వాళ్ల తాతని ఒరేయ్ అనేవాడు!"

బస్సంతా నవ్వింది. నాగదుర్గ కూడా నవ్వింది. ఆ నవ్వు మొహం మీద ఉండగానే కిటికీ వైపు తిరిగింది.

భర్త లోవరాజు సముద్రం మీద చేపల వేటకి వెళితే వారం దాకా రాడు. ఇంట్లో పిల్లని చూసుకునేది అత్త సంపూర్ణమ్మే. గొంతు ఆపరేషన్ అయ్యాక ఆమెకి మాట పోయింది. మాట లేని మనిషి దగ్గర పెరిగితే పిల్లకి మాటలెక్కడి నుంచి వస్తాయి? ఆ భయంతోనే నాగదుర్గ పాత ఫోన్లో తనని తాను వీడియో తీసుకుంది. "అమ్మ అను తల్లీ. అమ్మ." పిల్ల బదులు పలకడానికని కాసేపు ఆగింది. తర్వాత "శబ్బాష్!" అంది. తీస్తున్నప్పుడు గదిలో ఎవరూ లేరు. ఆ కాసేపూ గోడ వైపు చూస్తూ ఎవరి జవాబు కోసం చెవి ఒగ్గిందో ఆమెకే తెలియలేదు. కళ్లు చెమ్మగిల్లితే మొహం కడుక్కుని మళ్లీ తీసింది. తను పనికెళ్లాక పిల్లకి అదే పెట్టమని ఫోన్ అత్తకిచ్చింది.

ఉప్పాడలో బస్సు దిగి, సముద్రం ఒడ్డున రాళ్లగట్టు పక్కగా నడిచి, ఇంటి గుమ్మంలోనే ఆగిపోయింది.

బిందెకి ఆనించిన ఫోన్లో తన మొహమే. "అమ్మ అను తల్లీ. అమ్మ." ఎవరూ ఏమీ అనలేదు. "శబ్బాష్!" అంది ఫోను.

శ్రీదివ్య దానికి వీపు తిప్పి నాయనమ్మ ఎదురుగా కూర్చుని ఉంది. సంపూర్ణమ్మ ఎండుచేపలు ఏరడం ఆపి చెయ్యి పైకెత్తింది. పిల్లా ఎత్తింది. ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుంటూ ఆగారు. బయట అల వచ్చి రాళ్లని కొట్టింది. నేల సన్నగా అదిరింది. రెండు చేతులూ ఒక్కసారే కిందికి పడ్డాయి. ముసలామె నవ్వింది. శబ్దం లేదు, ఊపిరి మాత్రమే. పిల్ల కూడా అచ్చం అలాగే, గొంతు లేకుండా నవ్వింది.

నాగదుర్గ గుమ్మం పట్టుకుని నిలబడింది. బిడ్డకి భాష రాలేదని ఇన్నాళ్లూ భయపడింది. వచ్చిందే. తనకి రానిది వచ్చింది.

వెళ్లి ఫోన్ ఆపి, వాళ్ల పక్కన చతికిలబడింది. పిల్ల ఆమె వైపు చూసింది. ఆ చూపు ఆమె మీద నిలవకుండా జారిపోయింది. ఫోన్లోని మొహం దగ్గర జవాబు ఉండదని నేర్చుకున్న చూపు. అది తన కడుపున పుట్టిన పిల్ల చూపే.

"దివ్యా, అమ్మనే. నిజంగా వచ్చాను."

పిల్ల నాయనమ్మ వైపు తిరిగిపోయింది.

నాగదుర్గ గబుక్కున చెయ్యెత్తి, అల రాకముందే దించేసింది. సంపూర్ణమ్మ తల అడ్డంగా ఊపి, ఆ మణికట్టు పట్టుకుని మళ్లీ పైకెత్తి, అలాగే పట్టి ఉంచింది. చేపల వాసన, ముడతల చేతి వెచ్చదనం. తనని ఎవరైనా పట్టుకుని ఎన్నాళ్లయిందో. ముగ్గురూ ఆగారు.

అల కొట్టింది. చెయ్యి పడింది. "దబ్" అన్న శబ్దం నాగదుర్గ నోట్లోంచి తనకి తెలియకుండానే వచ్చేసింది.

పిల్ల చటుక్కున తిరిగింది. తల్లి నోటి వైపు చూసింది. మోకాళ్ల మీద పాకి వచ్చి, ఉప్పు అంటిన వేలు ఆ పెదవుల మీద పెట్టింది. ఏమీ అనలేదు.

నాగదుర్గ శబ్బాష్ అనలేదు. రేపు పొద్దున్నే మళ్లీ బస్సు వస్తుంది. పిల్ల వేలు తీసి, ఈసారి తల్లికి ఎదురుగా కూర్చుని, చెయ్యి పైకెత్తి ఆగింది.

తనూ ఎత్తింది. అల ఇంకా దూరంగా ఉంది.