మంత్రాల ఊళ్ళో మెకానిక్కు రత్నం

"మా ఆమె కూడా కాస్త చెయ్యేస్తాదిలే అంకన్నా, ఎల్లుండికి అయిపోతాది," అన్నాడు నాగేశ్వర్లు వాకిట్లో. వంటింట్లో పప్పుకు తిరగమోత వేస్తున్న కోటిరత్నానికి ఆవాల చిటపటల మధ్య కూడా ఆ మాట స్పష్టంగా వినిపించింది.

గిద్దలూరులో నంద్యాల రోడ్డు మీద నాగేశ్వర్లుకు మోటారు వైండింగు దుకాణం ఉంది. చుట్టుపక్కల ఊళ్ళ బోర్లలో మోటారు మాడితే రైతులు అక్కడికే తెస్తారు. అతను మోటారు విప్పుతాడు, రైతుకు టీ తెప్పిస్తాడు, ఎల్లుండి రమ్మంటాడు. విప్పిన మోటారులో తీగలుండే భాగం మాత్రం మధ్యాహ్నానికి ఇంటికొస్తుంది. వసారాలో గోనెపట్టా పరుచుకుని, మాడిన తీగంతా పీకి, కొత్త తీగను సన్నటి గాళ్ళలో ఒక్కొక్క చుట్టే దూర్చి లాగి, లెక్క తప్పకుండా బిగించేది కోటిరత్నం. ఇరవై మూడేళ్ళుగా అదే పని. వేళ్ళ కొసలు కాయలు కాచి అరిగిపోయి, ఆధారు మిషను మీద ఆమె ముద్ర ఒక పట్టాన పడదు. పని నేర్పింది మొగుడు కాదు. పొదిలిలో రేడియోలు బాగుచేసే నాయన తిరుపతయ్య ఆమెకు ఎనిమిదేళ్ళప్పుడే చేతికి సీసం కరిగించే వేడి కడ్డీ ఇచ్చి తీగలు అతకమన్నాడు. "మా రత్నం చెవి పెట్టి వింటే చాలు, రేడియో రోగం చెప్తాది," అని బజారంతా చెప్పుకునేవాడు. పెళ్ళయ్యాక ఆ పేరుతో కోటిరత్నాన్ని పిలిచేవాళ్ళు లేరు. మొగుడికి ఏమే, అత్తకు అమ్మాయ్, వీధికి రంగి వాళ్ళమ్మ. ఆమె పని గురించి ఎవరైనా అడిగితే అత్త వెంకటలక్ష్మమ్మ మెచ్చుకోలుగానే చెప్పేది: "మా కోడలు గడప దాటదమ్మా. ఇంటిపట్టునే కూచోని బుద్ధిగా చేసుకుంటాది."

ఆ ఎండాకాలం సెలవులకి కూతురు రంగనాయకి ఒంగోలు ఇంజనీరింగు కాలేజీ నుంచి వస్తూ, సీనియరమ్మాయి వాడి వదిలేసిన లాప్‌టాప్ ఒకటి తెచ్చుకుంది. మధ్యాహ్నం పూట అత్త లోపల నిద్రపోతే, వసారాలో తల్లి తీగ చుడుతూ, పక్కనే కూతురు ఆట ఆడుతూ కూచునేవాళ్ళు. తెర మీద పొగ వదులుతూ రైలు పోతోంది. దాని మీదుగా ఒక ముసలాయన గాలిలో నడిచిపోతున్నాడు.

"ఏందే అది?"

"ఆటమ్మా. మంత్రాలోళ్ళూ మిషన్లోళ్ళూ కలిసి బతికే లోకం. ఇద్దరికీ పడదు. నువ్వాడతావా?"

"నాకేం తెలుసు. ఇందులో గెలవడమంటే ఏంది?"

"గెలవడం గిలవడం లేదు. ఎక్కడికైనా పోవచ్చు, ఏమైనా కావచ్చు. నీ ఇష్టం."

కోటిరత్నం చేతిలో తీగ ఆగింది. నీ ఇష్టం అన్న మాట ఈ ఇంట్లో ఆమె చాలాసార్లు విన్నది. పుట్టింటికి పోతానన్నప్పుడు, టైలరింగు నేర్చుకుంటానన్నప్పుడు, ఒకసారి దుకాణానికొచ్చి కూచుంటానన్నప్పుడు. "నీ ఇష్టమొచ్చినట్టు చేసుకో పో" అని నాగేశ్వర్లు కంచం ముందు నుంచి లేచిపోయేవాడు. ఆ మాటలో కోపం లేకుండా వినడం ఇదే మొదలు. ఆమె చేతులు తుడుచుకుని లాప్‌టాప్ ముందుకు జరిగింది.

ఆట మొదలవ్వాలంటే ముందు నువ్వెవరో చెప్పాలి. పేరేంటి, ఏ పని వచ్చు, దేనికి భయపడతావు, దేన్ని నమ్ముతావు. ఇంటరు దాకా చదివిన ఇంగ్లీషును కూడబలుక్కుని ఆమె ఒక్కొక్క ప్రశ్నా చదివింది. ఎవరూ తొందరపెట్టలేదు. పేరు దగ్గర ఒంటి వేలితో వెతుక్కుంటూ రత్నం అని కొట్టింది. పని దగ్గర మెకానిక్కు. ఆ తర్వాత ఒక గుమ్మం, దానికి రెండు తలుపులు.

"మంత్రమా, యంత్రమా?" అడిగింది రంగనాయకి.

"రెండూ కుదరదా?"

"కుదురుతాది. కానీ రెంట్లోనూ గట్టిగా కాలేవు."

చాలాసేపు ఆలోచించి ఆమె యంత్రం వైపు పోయింది. మంత్రాల్లో ఒక్కటే ఒక్క చిన్న మంత్రం తీసుకుంది, అరచేతిలో దీపం వెలిగించేది. "చీకట్లో స్క్రూ ఎట్ల కనపడతాదే మరి," అని సంజాయిషీ కూడా చెప్పింది.

ఆ రోజు నుంచి తీగ చుట్టడం అయిపోగానే గంటసేపు ఆమె అక్కడికి పోయేది. అక్కడ మాంత్రికుడు వీధిలో నడిచొస్తుంటే దుకాణాల్లో గడియారాలు ఆగిపోతాయి. పెద్ద బాయిలరు పక్కన నిలబడితే అదే మాంత్రికుడికి మంత్రం నోటికి రాదు. ఇత్తడి పిచ్చుకలు ఉత్తరాలు మోస్తాయి. కొండ మీద నూనె లేని దీపాలు, కొండ కింద బొగ్గు వాసనేస్తుందేమో అనిపించే వర్క్‌షాపులు. ఎవరో కట్టారు ఈ లోకాన్నంతా. ఎవరూ తెరవని తలుపుకు కూడా సీలలు గీశారు, ఎవరూ చదవని బోర్డు మీద కూడా వాక్యం రాశారు. మోటారు లోపల ఎవరికీ కనపడని చోట ముడి సరిగ్గా వేసే మనిషికి ఆ శ్రద్ధ విలువ తెలుసు. ఎవరమ్మా మీరు, ఇంత ఓపిక ఎక్కడిది మీకు అని తెరను అడగాలనిపించేది. అన్నిటికన్నా ఆమెకు నచ్చింది "చూడు" అన్న గుర్తు. దేని మీద నొక్కినా అదేమిటో, ఎందుకలా ఉందో చెబుతుంది. రంగనాయకి కత్తి పట్టుకుని పరిగెత్తి దాటేసే వీధుల్లో రత్నం గోడగోడకూ ఆగి చూసుకుంటూ నడిచేది.

"పిల్లదానితో కూచోని బొమ్మలాటలాడే వయసా నీది?" అన్నది నిద్ర లేచొచ్చిన వెంకటలక్ష్మమ్మ. నాగేశ్వర్లు నవ్వాడు. "ఆడుకోనీలే అమ్మా. పని ఆగకుంటే సరి." అతను చెడ్డవాడు కాదు. చెయ్యెత్తిన మనిషీ కాదు. పని ఆగకుంటే సరి అన్నది ఎద్దు గురించి అన్నా, మోటారు గురించి అన్నా, భార్య గురించి అన్నా ఒకేలా వినిపిస్తుందని అతనికి తోచదు, అంతే.

ఆటలో రత్నం తిరుగుతూ తిరుగుతూ నీళ్ళు లేని ఒక ఊరు చేరింది. నేల బీటలిచ్చి ఉంది. ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో కూచున్నారు. రంగనాయకి దారి చెప్పింది: "కొండలో ఊటకు కాపలాగా భూతముంది, చంపాల. లేదంటే మాంత్రికుణ్ణి బతిమాలి వాన కురిపించాల. నేను మూడుసార్లు ఆడినా, రెండే దారులు." భూతాన్ని చంపడం రత్నానికి చేతకాదు. బతిమాలడం ఇష్టం లేదు. మూడు మధ్యాహ్నాలు ఆ ఊరంతా తిరిగి ప్రతిదాని మీదా "చూడు" నొక్కింది. ప్రతి ముసలమ్మతోనూ మాట్లాడింది. ఒకప్పుడు ఇక్కడ నీళ్ళు తోడే చక్రం ఉండేదని ఒకామె చెప్పింది. కూలిన బడి వెనక తుప్పు పట్టిన చక్రం దొరికింది. తెగిన వంతెన దగ్గర రాగి తీగ దొరికింది. పగిలిన బాయిలరు నుంచి ఒక మూత పీకింది. అన్నీ ఒకచోట పెట్టి జత చేస్తే యంత్రం సిద్ధమైంది. తిప్పితే తిరగలేదు. ఆమె కొంతసేపు చూసి, అరచేతిలో వెలుగుతున్న మంత్రదీపాన్ని ఆర్పేసింది. మంత్రం దగ్గరుంటే యంత్రం మొరాయిస్తుంది కదా. అప్పుడు చక్రం తిరిగింది.

తొట్టిలో నీళ్ళు పడ్డాయి. బిందెలు లేచాయి. ఒక చిన్న పిల్ల అడిగింది, ఇది ఎవరు చేశారని. ముసలామె జవాబు తెర మీద అక్షరాలుగా వచ్చింది: రత్నం చేసింది.

"అమ్మా!" రంగనాయకి లేచి నిలబడింది. "ఇట్ల కూడా ఉందా ఇందులో? నాకు తెల్లేదే! నువ్వెట్ల కనుక్కున్నావు?"

కోటిరత్నం తెర మీద తొట్టి వైపు వేలు చూపింది. "నీళ్ళు పడేది మళ్ళీ ఒకసారి చూపిస్తావా," అని అడిగింది. చూసింది. ఇంకోసారి చూసింది. ఆ తర్వాత చాలా మెల్లగా, తనలో తాను అనుకున్నట్టుగా అన్నది: "రంగీ, ఇన్నేళ్ళలో నేను చుట్టిన మోటారు నీళ్ళు పోసేది నేనెప్పుడూ చూడలేదే."

కూతురు తల్లి వైపు చూసి, లాప్‌టాప్ మూసింది.

ఆ పూట వసారాలో మళ్ళీ అంకన్న మోటారు ఉంది. రాచర్ల దాటాక పది మైళ్ళ దూరంలో అతని బత్తాయి తోట. రెండు నెలల్లో ఈ మోటారు మాడడం ఇది మూడోసారి. కోటిరత్నం ఆ మాడిన తీగను పీకుతూ ఈసారి ఆగి చూసింది. మూడు వంతుల్లో రెండు వంతుల తీగ కరిగి నల్లటి ముద్దయింది. మిగిలిన వంతు నిన్న చుట్టినట్టు మెరుస్తోంది. గత రెండుసార్లూ ఇంతే. మోటారుకు కరెంటు తెచ్చే మూడు ఫేజుల్లో ఒకటి రావడం లేదు, మిగతా రెండూ భారం మోసి మాడిపోతున్నాయి. రోగం మోటారులో లేదు. ఈ మాట అప్పుడే మొగుడికి చెప్పింది. మొదటిసారి అతను ఫోన్లో ఉన్నాడు. రెండోసారి, "చుట్టమన్నది చుట్టు, ఎలట్రికలు నాకు తెలుసులే," అన్నాడు.

మూడో రోజు పొద్దున అంకన్న ట్రాలీ ఆటోతో వచ్చేసరికి నాగేశ్వర్లు సామాను కోసం మార్కాపురం పోయి ఉన్నాడు. కోటిరత్నం, ముందురోజే మొగుడు బిగించి పెట్టిన మోటారు అప్పజెప్పి, "కరెంటు పెట్టె నేను చూడాల, అంకన్నా," అన్నది. "చూడకుండా దీన్ని దించితే వారం లోపల మళ్ళీ తెస్తావు."

"నువ్వొస్తావా వదినా?" అంకన్న నమ్మలేనట్టు చూశాడు. "అన్న ఏమన్నా అంటాడేమో."

"తోట ఎండేది నీదా, మీ అన్నదా?"

లోపల నుంచి వెంకటలక్ష్మమ్మ గొంతు లేచింది. "యాడికే? వంటెవరు చేస్తారు? ఆడది పోయి మోటారు చూసేదేంది, ఊళ్ళో నవ్వరూ?" కోటిరత్నం పనిముట్ల సంచి భుజానికి తగిలించుకుంది. "అన్నం వండినా అత్తా. చారు రంగి పెడతాది," అని ఆటో ఎక్కింది. దారి పొడుగునా కనపడిన ప్రతి బోరు షెడ్డునూ ఆమె కళ్ళప్పగించి చూసింది.

తోటలో ఆకులు దోనెల్లా ముడుచుకుని ఉన్నాయి. కొమ్మలకు వేలాడే కాయలు నిమ్మకాయంత కూడా లేవు. అంకన్న భార్య ఓబులమ్మ చెట్ల మొదళ్ళలో చెరుకాకు కప్పుతూ లేచి నిలబడింది. కోటిరత్నం కరెంటు స్తంభం మీది ఫ్యూజులు పీకించి, స్టార్టరు పెట్టె తెరిచింది. మూడు తీగలు. చివరిది బిగించిన చోట బొగ్గులా మాడి, వేలు తగలగానే కదిలింది. మనిషికి బయటి నుంచి కనపడదు. కరెంటు ఒకసారి అందుతుంది, ఒకసారి అందదు. ఆమె మాడిన ముక్క తీసేసి, తీగ కొసను మెరిసేదాకా గీకి, సంచిలో నుంచి కొత్త ముక్క తీసి బిగించింది. మిగతా రెండూ కూడా విప్పి మళ్ళీ బిగించింది. అంకన్న, ఇద్దరు కూలీలు పైపులు జత చేస్తూ మోటారును బోరులోకి దించారు. కరెంటు ఉండే వేళే అది. ఫ్యూజులు పెట్టాక, "నువ్వే నొక్కు వదినా," అన్నాడు అంకన్న.

నొక్కింది. భూమి లోపల ఎక్కడో సన్నని గుర్రుమనే చప్పుడు మొదలైంది. పైపు వణికింది. ముందు గాలి తన్నింది, తర్వాత ఎర్రటి బురద కక్కింది, ఆ తర్వాత నీళ్ళు. చెయ్యి మందాన తెల్లగా దూకుతున్న నీళ్ళు. కోటిరత్నం చెప్పులు విడిచి కాలవలోకి దిగింది. చీర కుచ్చిళ్ళు తడిశాయి. తను లెక్కపెట్టి దూర్చిన ప్రతి చుట్టూ మూడొందల అడుగుల లోతున ఈ పని చేస్తోంది. ఇన్నేళ్ళుగా ఎన్ని పొలాల్లో చేసిందో! ఆట కట్టినవాళ్ళకు తెలుసు, పని చేసిన మనిషికి పని ఫలితం చూపించాలని. ఇక్కడ అది చూడడానికి తనే రావలసి వచ్చింది.

"అక్కా, ఈ మోటారు చుట్టింది నువ్వేనా?" అడిగింది ఓబులమ్మ.

"నేనే," అన్నది కోటిరత్నం. నోటి నుంచి ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందంటే, ఆమెకే నవ్వొచ్చింది.

ఇంటికి చేరేసరికి సాయంత్రం నాలుగైంది. నాగేశ్వర్లు వసారాలో కూచుని ఉన్నాడు. అంకన్న ఫోను అంతకుముందే వచ్చింది. రంగనాయకి గుమ్మం దగ్గర నిలబడి తల్లి తడిసిన చీర అంచు చూస్తోంది.

"ఫేజు పోతాందని నాకు ముందే చెప్పొచ్చు గదా," అన్నాడతను, తలెత్తకుండా.

"రెండుసార్లు చెప్పినాను."

అతను గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించడం ఆమెకు కనిపించింది. గుర్తొచ్చినట్టు కూడా కనిపించింది. చేతిలో ఉన్న టీ గ్లాసును అటూ ఇటూ తిప్పి కింద పెట్టాడు.

కోటిరత్నం గోనెపట్టాను తీసి, దుమ్ము దులిపి, మడత పెట్టింది. "రేపటి నుంచి తీగ ఇంట్లో చుట్టను. దుకాణంలోనే చుడతా. రైతుతో నేనే మాట్లాడతా, పొలం చూడాలంటే పోయి చూస్తా. పొద్దున వంట మీ అమ్మా, మీరూ ఎట్ల చేసుకుంటారో చూసుకోండి," అన్నది. గొంతు పెంచలేదు.

"దుకాణంలోనా?" నాగేశ్వర్లు కంగారుగా లేచాడు. "మోటార్ల దుకాణంలో ఆడమనిషి కూచుంటే రైతులేమనుకుంటారే?"

"నీళ్ళొస్తాన్నాయి అనుకుంటారు."